ఉట్టికెక్కిన సైకిలు

ప్రతి ఇంట్లోనూ సామాను మూడు రకాలు. రోజూ వాడేది మొదటి రకం. ఎప్పుడూ వాడనిది రెండో రకం. "రేపటినుంచి వాడతాను, అక్కడే వుండనీ" అని ఇంటి యజమాని ప్రమాణం చేసేది మూడో రకం. మొదటి రెండింటితో ఏ ఇల్లాలికీ పేచీ లేదు. వాడేదాన్ని చేతికందే చోట పెడతాం, వాడనిదాన్ని అటకెక్కిస్తాం. తంటా అంతా మూడో రకంతోనే. దాన్ని అటకెక్కించడానికి వీల్లేదు, అడ్డం తీయడానికీ వీల్లేదు.

మా ఇంట్లో ఆ మూడో రకం సామాను పేరు సైకిలు.

మా వారు 1974లో, అంటే మా పెళ్ళికి ఏడాది ముందు, అట్లాస్ సైకిలు కొన్నారు. మాది కాకినాడ. ఊరు అరచెయ్యిలా చదునుగా వుంటుంది. సైకిలు తొక్కేవాడికి అంతకన్న దయగల ఊరు లేదు. ముప్ఫై ఏళ్ళు దానిమీదే ఆఫీసుకు వెళ్ళొచ్చారు. రిటైరైన మర్నాడు దాన్ని శుభ్రంగా తుడిచి, షెడ్డులో గోడకు చేరవేసి, "ఇక ఆఫీసు లేదుగా, రోజూ పొద్దున్నే సరదాగా తొక్కుతాను" అన్నారు. ఆ పొద్దున్న ఇంకా తెల్లవారలేదు.

ఈలోగా మా అబ్బాయి కారు కొన్నాడు. మనవడికి గేర్ల సైకిలు వచ్చింది. షెడ్డు మాత్రం పెరగలేదు. దాని వెడల్పు తొమ్మిదడుగులు. కారుకు అయిదున్నర పోతే మిగిలిన మూడున్నర అడుగుల్లోనూ రెండు సైకిళ్ళు, తడిబట్టల బకెట్టుతో నేను. పెడలు తగిలి పిక్క చీరుకుపోవడం నెలకోసారి. చీరంచు చైనులో పడి నల్లబడటం వారానికోసారి. ఓ రోజు పెద్ద సైకిలు ఒరిగి కారు తలుపు మీద జానెడు గీత పెట్టింది. ఆ రాత్రి మా అబ్బాయి భోంచేస్తూ ఏమీ మాట్లాడలేదు. తండ్రిని ఏమీ అనలేని కొడుకులు అలాగే భోంచేస్తారు.

ఏం చెయ్యాలని ఇంటిల్లిపాదీ ఆలోచించాం. గోడకు కొక్కేలు కొట్టి తగిలిద్దామంటే దాన్ని భుజమెత్తు లేపేదెవరు? మా వారికి డెబ్భై అయిదు దాటాయి. వరండాలో పెడదామంటే వానజల్లు. డాబామీదికంటే మెట్లు. అప్పుడు మా అబ్బాయి, "అమ్మా, షెడ్డు కప్పుకు వేలాడదీసే సాధనం ఒకటి దొరుకుతుందిట. తాడు లాగితే సైకిలు పైకి పోతుంది, వదిలితే కిందికొస్తుంది" అన్నాడు.

"ఓస్, ఉట్టి!" అన్నాను నేను.

నిజానికి అది ఉట్టే సుమండీ. పిల్లి అందుకోకుండా పాలకుండ పైన వేలాడదీసిన మన పెద్దవాళ్ళకు ఈ కిటుకు కొత్త కాదు. నేల చాలకపోతే గాలిని వాడుకోవాలి. ఉట్టి ఒకచోటే వేలాడుతుంది, ఇది ఎక్కి దిగుతుంది. అంతే తేడా.

వారంలో పెట్టె వచ్చింది. పైన కప్పుకు బిగించే ఇనప పట్టీలు రెండు, వాటికి గిలకలు. కింద రబ్బరు తొడిగిన కొక్కేలు రెండు, వాటికీ గిలకలు. పొడుగాటి నైలాను తాడు ఒక్కటే. తాడు జారకుండా పట్టుకునే చిన్న తాళం ఒకటి. గోడకు బిగించి తాడు చుట్టుకునే రెండు కొమ్ముల ముక్క మరొకటి. నలభై అయిదు కిలోలదాకా ఆగుతుందని పెట్టెమీద రాసి వుంది.

నాకు నమ్మకం కుదరలేదు. చిన్నప్పుడు మా పుట్టింట్లో నూతి గిలక మీద కొన్ని వేల చేదలు లాగి వుంటాను. గిలక వున్నంత మాత్రాన నీళ్ళు తేలికవడం నేనెన్నడూ చూడలేదు. ఆ మాటే అంటే మా మనవడు నవ్వాడు. "నూతి గిలక ఒకచోటే తిరుగుతుంది మామ్మా. అది బరువు తగ్గించదు. వంగి పైకి లాగేదాన్ని నిలబడి కిందికి లాగేలా చేస్తుందంతే. ఇందులో కొక్కేనికున్న గిలక కూడా సైకిలుతోపాటు పైకి కదులుతుంది. అప్పుడు దాని బరువును తాడు రెండు వరసలూ పంచుకుంటాయి. నువ్వూ అమ్మా బిందెను చెరోపక్కా పట్టుకుని మోసినట్టు. రెండు కొక్కేలకు కలిపి నాలుగు వరసలు. నీ చేతికి వచ్చేది నాలుగోవంతు బరువే" అన్నాడు.

"మరి మిగతా మూడు వంతులూ ఎవరిస్తారురా?"

"నువ్వే ఇస్తావు, వాయిదాల మీద. సైకిలు ఒక అడుగు లేవాలంటే తాడు నాలుగడుగులు లాగాలి."

ఎనిమిదో తరగతి పిల్లవాడు చెప్పిన ఈ ఒక్క ముక్క నాకు తలకెక్కింది. వాయిదాల సంగతి మధ్యతరగతి ఇల్లాలికి వేరే చెప్పాలా?

మా వారు మాత్రం అప్పటికే నిచ్చెనెక్కారు. సిరక్యూస్ రాజు హియరో ఎదుట ఆర్కిమెడిస్ దూరంగా కూర్చుని, గిలకల సాయంతో సరుకుతో నిండిన ఓడను ఒంటిచేత్తో లాగాడని ప్లూటార్క్ రాశాడుట. "ఆయన ఓడను లాగాడు, నేను సైకిలు లాగలేనా?" అన్నారు. మేస్త్రిని పిలుద్దామండీ అన్నాను. రెండు పట్టీలు బిగించడానికి మేస్త్రి ఎందుకన్నారు. పక్కింటివారి డ్రిల్లు అడిగి తెచ్చి, కప్పుకు చిన్న చిన్న బెజ్జాలు వేసి, వాటిలో చెక్క బిరడాలు దిగ్గొట్టి, పెట్టెలో వచ్చిన మరలే వాటిలోకి తిప్పారు. సాయంత్రానికి సైకిలు ఆకాశాన వుంది. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఆ సంగతి దాచను.

నాలుగోనాటి సాయంత్రం చిన్నాడు షెడ్డులో కింద కూర్చుని తన సైకిలు చైనుకు నూనె వేసుకుంటున్నాడు. నేను వంటింట్లోంచి, "దోసె చల్లారిపోతోంది, రారా" అని కేకేశాను. "ఒక్క నిమిషం మామ్మా" అన్నాడు. పెనం మీద రెండోది కాలుతోంది. మళ్ళీ కేకేశాను, ఈసారి కాస్త కోపంగా. వచ్చాడు. పళ్ళెం ముందు కూర్చుని మొదటి ముక్క తుంచాడో లేదో, షెడ్డులో ఇల్లదిరిపోయే చప్పుడు.

వెళ్ళి చూస్తే కారు ముందుభాగం సొట్టపోయింది. దానిమీద పడి దొర్లిన సైకిలు నేలమీద అడ్డంగా వుంది. ఒక పట్టీ, దాన్ని అంటిపెట్టుకుని చెక్క బిరడాలు, గుప్పెడు సున్నం పెళ్ళలు. పిల్లవాడు కూర్చున్నచోట నూనెడబ్బా అణిగి రేకుముక్కయి వుంది.

మా వారు సైకిలు లేపి గోడకు ఆనించారు. గుమ్మం మీద కూర్చున్నారు. "నువ్వు రెండోసారి పిలవకపోతే..." అని ఆగిపోయారు. ఆ వాక్యం ఇవాళ్టికీ పూర్తి చెయ్యలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు పొద్దున్న మా కోడలు నెమ్మదిగా వచ్చి, "అత్తయ్యగారూ, ఆ సైకిలు ఇక వద్దండీ" అంది. గట్టిగా అని వుంటే జవాబు చెప్పేదాన్నేమో. ఏం జవాబు చెబుతాను? ఆమె మాటలో తప్పులేదు. మా వారే పాత సామాన్ల అతన్ని పిలిచారు. అతను కాటా వేసి ఇరవై రెండు కిలోలన్నాడు. "ఇరవై నాలుగుండాలి, సరిగ్గా చూడు" అని మా వారు వాదన వేసుకున్నారు. డబ్బుకోసం కాదు. దాని గౌరవం తగ్గిందని.

"2020లో సాహిబాబాదు అట్లాస్ కర్మాగారంలో పని ఆగిపోయింది. ఏ రోజునో తెలుసా? జూన్ 3న. ఐక్యరాజ్యసమితి 2018లో ప్రపంచ సైకిల్ దినంగా ప్రకటించిన రోజే అది" అని అతనికి చెబుతున్నారు. అతను పాపం కాటా చూసుకుంటున్నాడు.

నా కళ్ళు మాత్రం వెనక క్యారేజీ మీద వున్నాయి. కొత్త కాపురంలో రెండో ఆట సినిమాలకు నేను కూర్చుని వెళ్ళింది దానిమీదే. దీపం లేదని పోలీసు ఆపితే, ఆయన దిగి సైకిలు నడిపిస్తూ, నేను పక్కన నడుస్తూ, మలుపు తిరగ్గానే మళ్ళీ ఎక్కిన రాత్రులున్నాయి. మా అబ్బాయి ముందు కడ్డీ మీద తువ్వాలు పరిపించుకుని బడికి వెళ్ళాడు. పాతిక కిలోల బియ్యం బస్తా ఆ క్యారేజీ మీదే వచ్చేది. ఇంతమందిని మోసినదానికి పడింది అదే అయినా, తప్పు దానిది కాదు. బిరడాది.

"బేరం లేదు నాయనా, వెళ్ళు" అన్నాను. తరువాత కోడలి దగ్గరికి వెళ్ళి, "ఈసారి మేస్త్రి చేత చేయిద్దాం. పని నీ కళ్ళముందు జరుగుతుంది. పరీక్ష నువ్వే పెట్టు. నీకు నమ్మకం కుదరకపోతే ఆ రోజే దించి పంపేద్దాం" అన్నాను. ఒప్పుకుంది.

మేస్త్రి వచ్చి ముందు ఆ మరల్ని చేతిలో వేసుకుని నవ్వాడు. "ఇవి కర్రలో దిగే మరలండి అమ్మగారూ. స్లాబులో ఏం పట్టుకుంటాయి?" అన్నాడు. అదీ అసలు సంగతి. అమెరికా వంటి చోట్ల ఇళ్ళు కర్రతో కడతారు. కప్పులో కర్ర దూలాలు వుంటాయి. ఆ మరలు వాటికోసం చేసినవి. మనది సిమెంటు స్లాబు. పైపైన పూత అరంగుళం లోపు మాత్రమే, అది బరువు మోసేది కాదు. చెక్క బిరడా ఎండేకొద్దీ కుంచించుకుపోతుంది. అందుకే మొదటిరోజు ఆగింది, నాలుగోరోజు రాలింది. మొదటిరోజు ఆగడం పరీక్ష కాదని అప్పుడు తెలిసింది.

మేస్త్రి సుత్తితో కప్పంతా తట్టుకుంటూ పోయాడు. ఒకమూల డొల్ల చప్పుడు వచ్చింది, పసుపు మరక కూడా వుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి స్లాబు లోపలి చువ్వలు తుప్పుపట్టి ఉబ్బుతాయి. పైనున్న సిమెంటు పెళ్ళలుగా విడుతుంది. అలాంటిచోట ఏదీ వేలాడదీయకూడదని, చప్పుడు గట్టిగా వచ్చేచోటు చూసుకున్నాడు. కరెంటు మెయిన్ ఆపించాడు. కప్పులో దీపాలకు పోయే గొట్టాలు ఎటు వెళ్ళాయో చూసి పక్కకు తప్పుకున్నాడు. పూత దాటి కాంక్రీటులో రెండంగుళాలకు పైగా బెజ్జం వేసి, దుమ్ము ఊదేసి, ఇనప యాంకర్ బోల్టులు దించి బిగించాడు. బోల్టు బిగిసేకొద్దీ లోపల విచ్చుకుని కాంక్రీటును ఒరుసుకుని పట్టుకుంటుందన్నమాట. ఒకచోట డ్రిల్లుకు చువ్వ తగిలింది. దాన్ని తొలవకుండా మూడంగుళాలు జరిగాడు.

పరీక్ష మా కోడలు పెట్టింది. చెరో కొక్కేనికీ ఇరవై కిలోల ఇసుక మూట కట్టించి, అంటే సైకిలుకు ఇంచుమించు రెండింతల బరువు, మూడు రాత్రులు అలాగే వుంచింది. రోజూ పొద్దున్నే కాఫీ తాగకముందే వెళ్ళి, ముందురోజు బోల్టుల చుట్టూ తను గీసిన పెన్సిలు గీత చూసుకునేది. గీత కదల్లేదు. నాలుగో రోజున "ఎక్కించండి మామయ్యగారూ" అంది.

ఎక్కించేటప్పుడు రెండు చిక్కులొచ్చాయి. పాత సైకిళ్ళవాళ్ళు గమనించండి. మొదటిది బ్రేకులు. పాత సైకిళ్ళకు హాండిలు కిందనుంచి బ్రేకు కడ్డీలు వుంటాయి. కొక్కెం సరాసరి తగిలిస్తే బరువంతా ఆ కడ్డీలమీద పడి వంగిపోతాయి. నేను పాత నవారు మడిచి, హాండిలు మధ్య బోదెకు ఉచ్చులా కట్టి, కొక్కెం దానికి తగిలించాను. రెండోది తూకం. తాడు ఒక్కటే కనుక తేలికవైపు ముందు లేస్తుంది. స్టాండూ క్యారేజీ వెనక వుండటంతో మా సైకిలు గుర్రం ముందుకాళ్ళెత్తినట్టు లేచి నిలబడింది. వెనక కొక్కేన్ని సీటు కిందనుంచి తీసి క్యారేజీకి మార్చేసరికి బుద్ధిగా సమంగా లేచింది. ఆ క్యారేజీ బలం గురించి ఎవరూ సందేహించలేదు. నేను దానికి సాక్షిని.

ఇప్పుడు మా ఇంట్లో అమలులో వున్న కట్టుబాట్లు ఇవి. సైకిలు ఎప్పుడూ కారు ముందుభాగం మీదుగానే వేలాడాలి, మనుషులు నడిచే దారిమీద కాదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కింద కారు కాదు గదా పిల్లికూడా వుండకూడదు. తాడు తాళాన్ని నమ్మి వదిలెయ్యకూడదు. గోడకొమ్ములకు ఎనిమిది అంకెలా నాలుగు చుట్లు చుట్టాలి. ఆ కొమ్ములు పిల్లలకందని ఎత్తులో వుండాలి. పది రోజులకు పైగా ఊరెళితే మా అబ్బాయి స్టూలెక్కి, విడిగా వేయించిన మూడో బోల్టునుంచి సైకిలు నడిమి కడ్డీకి గొలుసు తగిలించి వెళతాడు. ఎత్తడం తాడు పని, నిలపడం గొలుసు పని. నెలకోసారి తాడు పొడుగునా చేత్తో తడిమి చూస్తాను. ఎక్కడైనా నూగు లేచినట్టుంటే మార్చడమే. ఉప్పుగాలికి కొక్కేలకు ఓ చుక్క నూనె.

అద్దె ఇళ్ళవాళ్ళు ఇంటివారిని అడిగే డ్రిల్లు పట్టండి. ఫ్లాట్లలో కింద కారు పెట్టుకునేచోట కప్పు అందరిదీ కనుక అందర్నీ అడగండి. రేకుల షెడ్డయితే రేకుకు ఏదీ తగిలించకండి, ఇనప గొట్టానికి కట్టించండి. పెంకుటిల్లయి, చెదలు తాకని గట్టి టేకు దూలం వుంటే మాత్రం పెట్టెలో మరలకు అదే తగినచోటు.

ఇంతటితో ఆపేస్తే షెడ్డు కథ అయిపోయినట్టే. షెడ్డు విశాలమైంది, నా పిక్కలు బాగున్నాయి, కారుకు సొట్ట తీయించారు. కాని నెల దాటినా మా వారు సైకిలు దించలేదు. సాయంత్రాలు షెడ్డులోకి వెళ్ళి తలెత్తి చూసి వచ్చేవారు. "దించుకోండి, ఎవరు వద్దన్నారు?" అంటే, "ఎందుకులే, చక్కగా వుందిగా" అనేవారు. గోడకు ఆనివున్నన్నాళ్ళూ తొక్కనిదానికి కారణం బద్ధకం. ఇప్పుడు బద్ధకం కాదు. చిన్నాడు కూర్చున్నచోటు ఆయనకు ఇంకా కనిపిస్తోంది. తన చేత్తో ఆ తాడు పట్టుకోలేకపోతున్నారు. నాకది అర్థం కావడానికి నెల పట్టింది. యాభై ఏళ్ళ కాపురానికి అది ఎక్కువే.

ఒక తెల్లవారుజామున మా అబ్బాయి కారు వేసుకుని ఊరెళ్ళాడు. షెడ్డు ఖాళీ. నేను కొంగు బిగించి తాడు చుట్లు విప్పి, చేద దింపినట్టు చెయ్యి మార్చి చెయ్యి వదులుతూ దించాను. సైకిలు ఆరడుగులు దిగడానికి తాడు ఇరవై నాలుగడుగులు నా చేతుల్లోంచి సాగింది. ఏడెనిమిది కిలోలకు మించి బరువు తోచలేదు. చక్రాలు నేలకు తాకినప్పుడు గంట తనంతట తానే చిన్నగా మోగింది. ఆ చప్పుడుకు ఆయన లేచి వచ్చారు.

"నువ్వా దించావు?"

"నేనే. బాగానే దిగింది. మేస్త్రి పని చూసుకున్నాను, కోడలు పరీక్ష చూసుకుంది. ఇక మీరు చూసుకోవలసింది టైర్లు."

ఆయన చాలాసేపు తాడును పట్టుకు నిలబడ్డారు. తరువాత కొక్కేలు తీసి, చొక్కా తొడుక్కుని, గాలి లేని సైకిలును నడిపించుకుంటూ వీధి చివర షాపుకు వెళ్ళారు. రెండు గంటలైనా రాకపోతే నేను గేటు దగ్గరికి నాలుగుసార్లు తిరిగాను. అయిదోసారి వెళ్ళేసరికి వస్తున్నారు, నెమ్మదిగా, తొక్కుకుంటూనే. హాండిలుకు సంచిలో వంకాయలు.

"టైర్లు రెండూ కొత్తవి, ట్యూబులు కొత్తవి, బ్రేకు కట్టలు నాలుగూ మార్చాడు" అంటూ బిల్లు నా చేతిలో పెట్టారు.

"నాకెందుకు ఇస్తారు?"

"దించింది నువ్వేగా" అన్నారు.

ఆ బిల్లు ఈ నెల పాలపద్దులో సర్దాను. సైకిలు వారానికి నాలుగురోజులు దిగుతోంది. నేను దింపుతాను, ఆయన ఎక్కిస్తారు.